క్రీడల్లో కదలిక తలాలు, భ్రమణ అక్షాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బీపీఈడీ, డీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సులు) చదివేవాళ్లు, పీఈటీలు (వ్యాయామ ఉపాధ్యాయులు), అకాడమీ కోచ్‌లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పరీక్షలో మార్కులు తెచ్చే జవాబు, మైదానంలో పనికొచ్చే జవాబు చాలాసార్లు ఒకటి కావు. తేడా ఉన్నచోట రెండూ ఇచ్చాం.

తలం అంటే ఏమిటి? అక్షం అంటే ఏమిటి?

బండి చక్రం తిరిగే పలక తలం, దాని మధ్యలోంచి దూసుకుపోయిన ఇరుసు అక్షం. ఇరుసు ఎప్పుడూ చక్రానికి లంబంగానే ఉంటుంది. ఒంట్లో ప్రతి కీలు కదలికకూ ఇదే లెక్క. తలం తెలిస్తే అక్షం దానంతటదే తేలుతుంది, రెండూ విడివిడిగా బట్టీ పట్టక్కర్లేదు.

సాజిటల్ తలం శరీరాన్ని కుడి, ఎడమలుగా విడదీస్తుంది. ముందుకూ వెనక్కూ జరిగే కదలికలు ఇందులోవి: మోకాలు మడవడం, నడుం వంచడం, బైఠక్, బైసెప్స్ కర్ల్. వీటి అక్షం ఒక పక్క నుంచి మరో పక్కకు అడ్డంగా పోతుంది. దాన్నే ట్రాన్స్‌వర్స్ అక్షం అంటాం.

ఫ్రంటల్ తలం ముందు, వెనక భాగాలుగా విడదీస్తుంది. చేతులు, కాళ్లు పక్కకు ఎత్తడం, నడుం పక్కకు వంచడం, జంపింగ్ జాక్స్ ఇందులోవి. అక్షం పొట్టలోంచి దూరి వీపులోంచి బయటికొస్తుంది. దాని పేరు యాంటీరోపోస్టీరియర్ అక్షం.

ట్రాన్స్‌వర్స్ తలం పై భాగం, కింది భాగంగా విడదీస్తుంది. తల తిప్పడం, నడుం మెలితిప్పడం, ముంజేయి తిప్పడం ఇందులోవి. అక్షం తల నుంచి పాదాల వరకు నిలువుగా ఉంటుంది. దాని పేరు లాంగిట్యూడినల్ అక్షం, అంటే నిలువు అక్షం.

పరీక్షలో అందరూ తప్పేది ఎక్కడ?

పేర్ల దగ్గర. ట్రాన్స్‌వర్స్ తలానికి ట్రాన్స్‌వర్స్ అక్షం రాసేస్తారు. ట్రాన్స్‌వర్స్ అక్షం సాజిటల్ తలానిది. కొన్ని పుస్తకాలు యాంటీరోపోస్టీరియర్ అక్షాన్ని సాజిటల్ అక్షం అని రాస్తాయి, దాంతో చిక్కు ఇంకా పెరుగుతుంది. ఒకే పేరున్న తలం, అక్షం ఎప్పుడూ జత కావని గుర్తుంటే సగం తప్పులు పోతాయి. అనుమానం వస్తే పెన్సిల్ ఒకటి తీసి కీలు దగ్గర పెట్టండి. కీలు కదులుతున్నా పెన్సిల్ ఏ దిశలో పెడితే ఉన్నచోటే నిలిచి ఉంటుందో, అదే అక్షం.

ఆటగాడు పడుకున్నా, తలకిందులైనా తలాలు మారతాయా?

మారవు. తలాలు శరీరానికి అంటిపెట్టుకుని ఉంటాయి, నేలకు కాదు. నిటారుగా నిలబడి, అరచేతులు ముందుకు తిప్పి ఉంచిన అనటామికల్ పొజిషన్ నుంచే అన్నీ లెక్క. హ్యాండ్‌స్టాండ్‌లో కాళ్లు పక్కలకు చాపినా అది ఫ్రంటల్ తలమే.

బెంచ్ ప్రెస్ దగ్గర చాలామంది తడబడతారు. బార్ నేలకు నిలువుగా పైకి పోతోంది కాబట్టి అది నిలువు తలం అనుకుంటారు. మనిషి వెల్లకిలా ఉన్నాడని మరిచిపోతారు. మోచేతులు భుజాల ఎత్తులో ఎడంగా ఉంటే భుజం కదలిక ట్రాన్స్‌వర్స్ తలంలో జరిగే హారిజాంటల్ అడక్షన్ (చేతిని అడ్డంగా రొమ్ము వైపు తేవడం). అవే మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టి తోస్తే అది సాజిటల్ తలంలోని ఫ్లెక్షన్‌కు దగ్గరవుతుంది. వ్యాయామం పేరు ఒకటే అయినా మోచేయి ఎక్కడుందన్న దాన్నిబట్టి తలం మారిపోతుంది.

పరుగు ఏ తలం? బౌలింగ్ ఏ తలం?

పరీక్ష జవాబు: పరుగు సాజిటల్, కార్ట్‌వీల్ ఫ్రంటల్, డిస్కస్ ట్రాన్స్‌వర్స్. రాయండి, మార్కులు వస్తాయి. కోచింగ్‌కు మాత్రం ఈ ప్రశ్నే సరైంది కాదు. అడగాల్సింది ఇలా: ఏ కీలు, ఏ దశలో, ఏ తలంలో?

పరుగులో తొడ, మోకాలు, చీలమండ ప్రధానంగా సాజిటల్ తలంలోనే కదులుతాయి. కానీ ఒంటికాలి మీద బరువు పడిన క్షణంలో రెండో పక్క తుంటి కిందికి జారకుండా ఆపాలి, అది ఫ్రంటల్ తలంలో గ్లూటియస్ మీడియస్ (తుంటి పక్కనుండే కండరం) చేసే పని. కాలు ముందుకు వెళ్లేటప్పుడు కటి తిరుగుతుంది, దానికి ఎదురుగా భుజాలు తిరుగుతాయి. ఇది ట్రాన్స్‌వర్స్. చేతులు రొమ్ము మధ్య గీత దాటి ఊగుతుంటే, కింద ఏదో ఎక్కువగా తిరుగుతోందనే అర్థం. చేతుల్ని సరిచేసే ముందు తుంటిని చూడండి.

బ్యాడ్మింటన్ స్మాష్‌లో బలం మణికట్టుదేనా?

"మణికట్టు విదిలించు" అన్న మాట ప్రతి కోర్టులో వినిపిస్తుంది. పిల్లలకు చప్పున అర్థమయ్యే మాటే, కానీ అసలు పని చెప్పదు. చివరి క్షణంలో రాకెట్ తలకు వేగమిచ్చేవి ప్రధానంగా రెండు భ్రమణాలు: పై చేయి తన నిలువు (చేయి పొడవునా పోయే) అక్షం చుట్టూ లోపలికి తిరగడం, ముంజేయి తన అక్షం చుట్టూ ప్రొనేషన్‌లోకి (అరచేయి కిందికి తిరిగే వైపు) తిరగడం. మణికట్టు ముందుకు వంగడం వీటికి తోడు మాత్రమే.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. ముంజేయి, రాకెట్ ఒకే గీతలో ఉంటే ముంజేయి ఎంత తిప్పినా రాకెట్ తన చుట్టూ తాను తిరుగుతుందే తప్ప తలకు వేగం రాదు. అక్షం నుంచి రాకెట్ తల ఎంత దూరంగా ఉంటే అంత వేగం. అందుకే ముంజేయికీ రాకెట్‌కూ మధ్య కోణం ఉండాలి, పట్టు వదులుగా వేళ్లలో ఉండాలి. దోసె పెనం పట్టుకున్నట్టు అరచేతిని రాకెట్ ముఖానికి సమాంతరంగా పెట్టి పట్టుకునే పిల్లలకు ప్రొనేషన్‌కు దారే ఉండదు. దెబ్బంతా భుజంతో, మణికట్టుతో తోసి తోసి నెలలకొద్దీ నొప్పి తెచ్చుకుంటారు.

పరీక్షించడం తేలిక. భుజం కదలనివ్వకుండా మోచేయి 90 డిగ్రీలు మడిచి, ముంజేయి ఒక్కటే తిప్పుతూ షటిల్‌ను గోడకు కొట్టమనండి. షటిల్ మెత్తగా పోతుంటే పట్టు మార్చాలి.

ఫాస్ట్ బౌలర్లకు నడుం ఎందుకు దెబ్బతింటుంది?

మూడు తలాల్లోని కదలికలు ఒకే క్షణంలో, ఒకే చోట కలవడం వల్ల. ముందు కాలు నేలను తాకినప్పుడు నడుం ఒకేసారి వెనక్కి వంగి ఉంటుంది, పక్కకు ఒరుగుతుంది, మెలితిరుగుతుంది. దానిపై శరీర బరువుకు ఎన్నో రెట్ల తాకిడి పడుతుంది.

మిక్స్‌డ్ యాక్షన్ అన్నింటికన్నా ప్రమాదం. వెనక కాలు పడినప్పుడు తుంటి బ్యాట్స్‌మన్ వైపు, భుజాలు పక్కకు ఉంటాయి, లేదా అందుకు వ్యతిరేకంగా. ఆపైన భుజాలు వెనక్కి మళ్లి మళ్లీ ముందుకు రావాలి. ఆ మెలిక నడుం దగ్గరి పూసలను పిండుతుంది. ఒత్తిడి పగుళ్లు ఎక్కువగా ఎల్4, ఎల్5 (నడుంలోని చివరి రెండు) పూసల్లో, బౌలింగ్ చేతికి ఎదుటి పక్కన వస్తాయి. కుడిచేతి బౌలర్‌కు ఎడమ పక్కన నొప్పి మొదలైతే కండరం పట్టేసిందని వదిలేయకండి. బౌలింగ్ ఆపించి, స్పోర్ట్స్ వైద్యుడికి చూపించండి.

చూడాల్సిన చోటు వెనక పాదం. అది క్రీజుకు సమాంతరంగా ఉంటే తుంటి, భుజాలు రెండూ బ్యాట్స్‌మన్‌కు పక్కకు తిరిగి, అంటే సైడ్-ఆన్‌గా ఉండాలి. పాదం వేళ్లు బ్యాట్స్‌మన్ వైపు చూస్తుంటే రెండూ అతనికి ఎదురుగా, అంటే ఫ్రంట్-ఆన్. సైడ్-ఆన్, ఫ్రంట్-ఆన్‌లలో ఏది మంచిదని వాదించుకోవడం అనవసరం. తుంటి, భుజాలు ఒకదానితో ఒకటి ఒప్పుకోవాలి, అంతే.

మురళీధరన్ చేతి వివాదానికీ అక్షాలకూ సంబంధమేమిటి?

క్రికెట్‌లో ఈ పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ముత్తయ్య మురళీధరన్ కుడి మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాచుకోదు. 1995 మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టులో అంపైర్ డారెల్ హెయిర్ అతని బంతులను త్రో అంటూ నోబాల్ ఇచ్చాడు.

కొద్దిగా వంగిన మోచేతిని అలాగే బిగించి ఉంచి, పై చేతిని దాని నిలువు అక్షం చుట్టూ తిప్పండి. అద్దంలో చూసుకోండి. ఒక దిశలో చెయ్యి వంకరగా, మరో దిశలో తిన్నగా కనిపిస్తుంది. మోచేయి అక్షం చుట్టూ ఏమీ జరగలేదు, భుజం దగ్గర భ్రమణం మాత్రమే జరిగింది. ఒకే కోణం నుంచి చూసే కంటికి, ఒకే కెమెరాకు అది మోచేయి చాచినట్టే కనబడుతుంది. యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో అతని బౌలింగ్‌ను త్రీడీ పద్ధతిలో కొలవాల్సి రావడానికి కారణం ఇదే.

తర్వాత ఐసీసీ అన్ని రకాల బౌలర్లకూ 15 డిగ్రీల హద్దు పెట్టింది. చెయ్యి భుజం ఎత్తుకు వచ్చినప్పటి నుంచి బంతి వదిలేదాకా మోచేయి అంతకు మించి చాచకూడదు. మోచేయి ఎంత వంగి ఉందన్నది లెక్కలోకి రాదు, ఎంత మారిందన్నదే లెక్క. స్కూల్ మ్యాచ్‌లో ఫోన్ వీడియో ఆపి "చూడు, వంగింది" అని పిల్లవాడిని త్రో బౌలర్ అనడం అన్యాయం.

గాల్లోకి లేచాక తిరిగే వేగాన్ని మార్చుకోవచ్చా?

వేగం మార్చుకోవచ్చు, కోణీయ ద్రవ్యవేగం (శరీరంలో ఉన్న మొత్తం తిరుగుడు) మార్చుకోలేరు. కాళ్లు నేల వదిలే క్షణంలో ఎంత వచ్చిందో, దిగేదాకా అంతే. ట్రాన్స్‌వర్స్ అక్షం చుట్టూ పల్టీ కొట్టేటప్పుడు నిటారుగా ఉన్న శరీరపు జడత్వ భ్రామకం (తిరగడాన్ని అడ్డుకునే గుణం) బాగా ముడుచుకున్నప్పటి కన్నా సుమారు మూడు రెట్లుంటుంది. ముడుచుకుంటే వేగం ఆ మేరకు పెరుగుతుంది, విప్పితే తగ్గుతుంది. నిలువు అక్షం చుట్టూ అయితే జడత్వం నిటారు పల్టీలో ఉన్నదానిలో పదోవంతు ఉంటుందేమో. ట్విస్టులు అంత చురుగ్గా తిరగడానికి కారణం అదే.

జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ రియో 2016లో చేసిన ప్రొడునోవా వాల్ట్‌ను చూడండి. టేబుల్ మీద చేతులు పెట్టి ముందుకు తిరిగి, ఆపైన గాల్లో రెండు ముందు పల్టీలు, అంతా ఒకే సాజిటల్ తలంలో. ఆ ఒలింపిక్స్ ఫైనల్‌లో ఆమె 15.066 సగటుతో నాలుగో స్థానంలో నిలిచింది. కాంస్యానికి తేడా 0.15. ముందు పల్టీలో దిగేచోటు కంటికి ఆలస్యంగా కనబడుతుంది. విప్పడం కాస్త ఆలస్యమైతే పిరుదులు నేలకు ఆనేంత లోతుకు కూర్చోవాల్సి వస్తుంది. మరీ తొందరైతే భ్రమణం పూర్తికాదు. హైదరాబాద్ జిమ్నాస్ట్ అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో కాంస్యం గెలిచింది కూడా వాల్ట్‌లోనే.

నేర్చుకునే పిల్లల్లో కనిపించే తప్పు వేరు. గాల్లోకి లేవకముందే ముడుచుకుంటారు. నేల మీద ఉండగానే మోకాళ్లు రొమ్ముకు లాక్కుంటే నేలను తన్నే సమయం, ఎత్తు రెండూ పోతాయి. పిల్లలను ముందు నిటారు జంప్, ఆ తర్వాత శిఖరం దగ్గర ముడుపు, ఈ వరుసలోనే నేర్పించండి.

గాల్లో ఉండగా ట్విస్టు కొత్తగా ఎలా మొదలవుతుంది?

పల్టీలోంచే పుడుతుంది. పల్టీ తిరుగుతూ ఒక చేతిని పైకి, రెండో చేతిని కిందికి ఫ్రంటల్ తలంలో విసిరితే శరీరం దానికి ఎదురుగా కొన్ని డిగ్రీలు పక్కకు ఒరుగుతుంది. ఒరిగాక పల్టీ ద్రవ్యవేగంలో కొంత నిలువు అక్షం మీదికి వస్తుంది, శరీరం ట్విస్టవుతుంది. ఆపాలంటే చేతుల్ని తిరగేసి ఒరుగు తీసేయాలి. నేల మీదే భుజాలు మెలితిప్పి ట్విస్టు మొదలుపెడితే చివర్లో ఆపడం కష్టం, పక్కకు దిగడం ఖాయం.

డైవింగ్ నంబర్లలో ఈ అక్షాలు కనిపిస్తాయా?

స్పష్టంగా. 5253బీ అంటే: 5 ట్విస్టులున్న వర్గం, 2 వెనకవైపు డైవ్, 5 అంటే అయిదు అర పల్టీలు (రెండున్నర), 3 అంటే మూడు అర ట్విస్టులు (ఒకటిన్నర), బీ అంటే పైక్ (మోకాళ్లు చాచి నడుం దగ్గర మడవడం). మూడో అంకె ట్రాన్స్‌వర్స్ అక్షానిది, నాలుగోది నిలువు అక్షానిది. 10 మీటర్ల నుంచి ఊరికే జారి పడితేనే సుమారు 1.4 సెకన్లు. ఎగిరే ఎత్తు కలిపినా రెండు సెకన్లు దాటదు. అన్నీ అందులోనే పూర్తవ్వాలి.

స్పిన్ బౌలింగ్‌లో బంతి అక్షాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

అక్షం పిచ్‌కు అడ్డంగా, పక్క నుంచి పక్కకు ఉంటే టాప్‌స్పిన్. బంతి గాల్లో అనుకున్న దానికన్నా ముందే దిగుతుంది, పడ్డాక ఎగురుతుంది. అక్షం నిలువుగా ఉంటే గాల్లో పక్కకు జరుగుతుంది, కానీ నేలను తాకే బిందువు అక్షం మీదే ఉంటుంది కాబట్టి పడ్డాక పెద్దగా తిరగదు. అక్షం బంతి వెళ్లే దిశలోనే ఉంటే గాల్లో తిన్నగా వచ్చి, పడ్డాక బాగా తిరుగుతుంది. మంచి లెగ్‌స్పిన్నర్ ఈ మూడింటినీ కలుపుతాడు. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు లోపలికి జరిగి, బయటికి తిరిగే బంతి ఆ మేళవింపే. "ఎంత తిప్పావు" అని అడిగే కోచ్‌లే ఎక్కువ. "అక్షం ఎటు ఉంది" అని అడగడం మేలు.

స్వింగ్ బౌలర్‌కు వేరే పని. వేళ్లు సీమ్ (బంతి కుట్టు) మీదుగా కిందికి జారి బంతికి బ్యాక్‌స్పిన్ ఇస్తాయి. అక్షం సీమ్ తలానికి సరిగ్గా లంబంగా ఉన్నంత సేపు సీమ్ నిలబడుతుంది. అవుట్‌స్వింగర్‌కు సీమ్‌ను స్లిప్ వైపు సుమారు 20 డిగ్రీలు తిప్పి పెడతారు. రెండు వేళ్లలో ఒకటి ముందు వదిలితే, లేదా మణికట్టు పక్కకు వాలితే సీమ్ వణుకుతుంది. సీమ్‌కు ఇటూ అటూ రెండు రంగులు వేసిన బంతితో నెట్స్‌లో వెయ్యించండి. గాల్లో రెండు రంగులూ విడిగా కనిపిస్తే అక్షం సరిగా ఉన్నట్టు, కలగాపులగమైతే లేనట్టు.

1986లో ఈటెను ఎందుకు మార్చారు?

1984లో తూర్పు జర్మనీ అథ్లెట్ ఊవే హోన్ ఈటెను 104.80 మీటర్లు విసిరాడు. స్టేడియం చాలదన్న భయం ఒకటి, ఈటె బల్లపరుపుగా పడి గుర్తు దొరకకపోవడం ఇంకొకటి. అందుకే పురుషుల 800 గ్రాముల ఈటె గరిమనాభిని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. దాంతో గాలి ఈటెను ట్రాన్స్‌వర్స్ అక్షం చుట్టూ తిప్పి, మొన ముందుగా దిగేట్టు చేస్తుంది. మహిళల ఈటె 1999లో మారింది.

దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి పోతున్నాయి. ఇది ఫ్రంటల్ తలం లోపమేనా?

కనిపించేది ఫ్రంటల్ తలంలో, కారణం చాలాసార్లు మరోచోట. 30 సెంటీమీటర్ల పెట్టె మీంచి దిగి వెంటనే పైకి ఎగరమనండి. ఫోన్‌ను ఎదురుగా 3 మీటర్ల దూరంలో, మోకాలి ఎత్తులో పెట్టండి. మోకాలి చిప్ప మధ్యలో ఒక స్టిక్కర్ అంటించండి. దిగిన క్షణంలో స్టిక్కర్ బొటనవేలి లోపలికి పోతే సమస్య ఉన్నట్టే.

ఇప్పుడు ఎందుకని వెతకాలి. తొడ లోపలికి తిరుగుతోందా? అది తుంటి దగ్గర ట్రాన్స్‌వర్స్ లోపం. తుంటి పక్కకు ఒరుగుతోందా? ఫ్రంటల్. చీలమండ ముందుకు వంగడం లేదా? అది సాజిటల్ లోపం. వంగలేని చీలమండ పాదాన్ని లోపలికి కూలదోసి, మోకాలినీ వెంట లాగుతుంది. దీనికి గోడ పరీక్ష ఉంది. బొటనవేలు గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మడమ లేపకుండా మోకాలిని గోడకు తాకించాలి. తాకించలేనివాడికి తుంటి వ్యాయామాలు ఎన్ని ఇచ్చినా మోకాలు లోపలికే పోతుంది, ముందు చీలమండ సంగతి చూడాలి.

కబడ్డీలో, బ్యాడ్మింటన్‌లో ఇది మరీ ముఖ్యం. పాదం నేలకు పాతుకుపోయి ఉండగా పైన శరీరం తిరిగితే ఆ మెలిక మోకాలే మోస్తుంది. మడిచిన మోకాలికి కొద్దిపాటి భ్రమణం ఉంది. పూర్తిగా చాచిన మోకాలికి దాదాపు లేదు. "మోకాలు మడిచి తిరుగు" అన్న పాత మాట వెనకున్న కారణమిదే.

మా పిల్లలు దండాలు, బైఠక్‌లు, సూర్య నమస్కారాలు చేస్తారు. చాలదా?

బలానికి మంచివే, కానీ దాదాపు అన్నీ సాజిటల్ తలంవే. వారానికి రెండు రోజులు ఈ కింది వాటిని కలపండి. ఫ్రంటల్‌కు: సైడ్ లంజ్ ఒక్కో పక్క 8 చొప్పున 2 సెట్లు, సైడ్ ప్లాంక్ 20 నుంచి 30 సెకన్లు. ట్రాన్స్‌వర్స్‌కు: మొదటి మూడు వారాలు తిరగకుండా ఆపే వ్యాయామాలు మాత్రమే (పక్కన కట్టిన రబ్బరు బ్యాండ్‌ను రొమ్ము ముందు నిలిపి చేతులు చాచడం), ఆ తర్వాత 2 నుంచి 3 కిలోల మెడిసిన్ బాల్‌ను పక్కగా గోడకు విసరడం, ఒక్కో పక్క 6, మూడు సెట్లు.

విసిరేటప్పుడు వెనక పాదం మడమ లేచి తిరగాలి. పాదాలు కదలకుండా నడుం మాత్రమే తిప్పితే ప్రమాదం. నడుం పూసలన్నీ కలిసి ఒక్కో వైపు తిరగగలిగేది 10 నుంచి 15 డిగ్రీలే. మిగతా తిరుగుడు తుంటి నుంచి, రొమ్ము పూసల నుంచి రావాలి. కూర్చుని బరువు పట్టుకుని వేగంగా అటూ ఇటూ తిరిగే వ్యాయామాన్ని పాఠశాల పిల్లలకు ఇవ్వకపోవడమే మంచిది. యోగాసనాలు చేయించేవారికి త్రికోణాసనం, అర్ధమత్స్యేంద్రాసనం మిగతా రెండు తలాలనూ కొంతవరకు పూడుస్తాయి.

ఫోన్‌తో వీడియో తీసి కోణాలు కొలవాలంటే కెమెరా ఎక్కడ పెట్టాలి?

అక్షం వెంట చూసేట్టు. సాజిటల్ కదలికకు పక్కన, ఫ్రంటల్‌కు ఎదురుగా లేదా వెనక, ట్రాన్స్‌వర్స్‌కు పైనుంచి (గ్యాలరీ, మేడ ఏదైనా). 20 డిగ్రీలు పక్కకు జరిగితే పొడవులు 6 శాతం తక్కువగా, 30 డిగ్రీలైతే 13 శాతం తక్కువగా కనబడతాయి. దగ్గరగా నిలబడకుండా 8, 10 మీటర్ల దూరంలో స్టాండ్ మీద పెట్టి జూమ్ చేయండి.

బైఠక్‌కు సెకనుకు 60 ఫ్రేములు చాలు. బౌలింగ్‌కు 240 కావాలి, ఎందుకంటే చెయ్యి భుజం ఎత్తు నుంచి బంతి వదిలే దాకా సెకనులో పదోవంతు కూడా పట్టదు. 30 ఫ్రేముల వీడియోలో ఆ భాగం రెండు మూడు మసక బొమ్మలే.

వెయిట్‌లిఫ్టింగ్‌లో ఒక సౌకర్యం ఉంది. పోటీ ప్లేట్ వ్యాసం 45 సెంటీమీటర్లు, స్కేలు అక్కడే ఉన్నట్టు. పక్కనుంచి తీసి బార్ చివర ప్రతి ఫ్రేములో చుక్క పెడితే బార్ దారి తెలుస్తుంది. సిడ్నీ 2000లో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలతో కాంస్యం తెచ్చిన లిఫ్టుల వీడియో దొరికితే ఇలా చుక్కలు పెట్టి చూడండి. బార్ స్లీవులను (ప్లేట్లు ఎక్కించే చివరి గొట్టాలను) కూడా చేత్తో తిప్పి చూడండి. అవి బార్ అక్షం చుట్టూ సులువుగా తిరగకపోతే, బార్ తిప్పి పట్టేటప్పుడు ప్లేట్ల జడత్వమంతా మణికట్టు మీద పడుతుంది. తుప్పు తుడిచి, రెండు చుక్కల పల్చటి నూనె వేస్తే చాలు.

బొటనవేలు ఏ తలంలో కదులుతుంది?

మిగతా వేళ్లకు తిరగేసి. బొటనవేలి మొదట్లోని శాడిల్ (జీను ఆకారపు) కీలు పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి అరచేతికి అడ్డంగా వంచడం ఫ్రంటల్ తలంలో, అరచేతి నుంచి ముందుకు లేపడం సాజిటల్ తలంలో. ఎంసీక్యూల్లో దీన్ని తరచుగా అడుగుతారు.